నయం కాని జబ్బుకూ వైద్యం ఉంది: ఉపశమన సంరక్షణ



"ఇక మేం చేయగలిగిందేమీ లేదు, ఇంటికి తీసుకువెళ్లండి." జబ్బు బాగా ముదిరిన రోగుల కుటుంబాలు ఆసుపత్రిలో ఈ మాట వింటూ ఉంటాయి. ఇది పూర్తిగా నిజమేనా? ఈ పాఠంలో చూద్దాం.

జబ్బును నయం చేసే మందు లేకపోవచ్చు. కాని నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి, భయం వంటి బాధలను తగ్గించే మార్గాలు ఉన్నాయి. ఆ వైద్యమే ఉపశమన సంరక్షణ. దీనినే పాలియేటివ్ కేర్ అంటారు. ఇది చివరి రోజులకు మాత్రమే పరిమితం కాదు. అసలు చికిత్స జరుగుతుండగానే దీన్ని కూడా మొదలుపెట్టవచ్చు.

ఇంటి వద్దకే సేవ

ఢిల్లీని ఆనుకొని ఉన్న హర్యానాలోని పారిశ్రామిక నగరం ఫరీదాబాద్. అక్కడ అద్దె గదిలో ఉంటున్న ఒక కార్మికునికి క్యాన్సర్ ముదిరిందనుకోండి. నొప్పి మందు కోసం ఢిల్లీలోని పెద్దాసుపత్రికి వెళ్లాలంటే అతనికి ఆ ప్రయాణమే మరో నరకం. తోడు వెళ్లేవారికి ఆ రోజు కూలి పోతుంది. మరి వైద్యమే రోగి ఇంటికి వస్తే?

క్యాన్సర్ నుంచి కోలుకున్న హర్మాలా గుప్తా 1996లో ఢిల్లీలో స్థాపించిన క్యాన్‌సపోర్ట్ సంస్థ ఈ పనే చేస్తోంది. ఢిల్లీతోపాటు ఫరీదాబాద్ వంటి చుట్టుపక్కల నగరాల్లోనూ దీని బృందాలు రోగుల ఇళ్లకు ఉచితంగా వెళతాయి. బృందంలో డాక్టరు, నర్సు, కౌన్సెలర్ ఉంటారు. డాక్టరు మందుల మోతాదు సరిచేస్తారు. పుండ్లకు కట్టు కట్టడం, మంచంలో ఒరిగించడం నర్సు ఇంటివారికి నేర్పుతారు. కౌన్సెలర్ రోగి భయాలను, ఇంటివారి దిగులును ఓపికగా వింటారు.

నొప్పికి మందు, చట్టం

తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ ముఖ్యమైన మందు. నల్లమందు నుంచి వస్తుంది కనుక అలవాటైపోతుందని చాలామంది భయపడతారు. వైద్యుల పర్యవేక్షణలో, సరైన మోతాదులో వాడితే ఆ ప్రమాదం తక్కువ. అయితే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఆసుపత్రులు అనేక లైసెన్సులు తీసుకోవలసి వచ్చేది. దాంతో మందు ఉండీ రోగికి అందలేదు. డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారి సుదీర్ఘ కృషి తరువాత 2014లో చట్టాన్ని సవరించారు.

ఇరుగుపొరుగు పాత్ర

1993లో కోజికోడ్‌లో మొదలైన ఉద్యమం కేరళలో ఊరూరా వలంటీర్లను తయారుచేసింది. 2008లో ఆ రాష్ట్రం ఉపశమన సంరక్షణకు ప్రత్యేక విధానం ప్రకటించింది. మన హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. స్పర్శ్ హాస్పిస్ చివరి దశ రోగులను చేర్చుకొని చూసుకుంటుంది.

ఇందులో మీరు చేయగలిగింది కూడా ఉంది. మీ వీధిలో మంచాన పడ్డ వారుంటే మందులు తెచ్చిపెట్టండి. పేపరు చదివి వినిపించండి. రాత్రింబవళ్లు కనిపెట్టుకొని ఉన్నవారికి గంటసేపు విశ్రాంతినివ్వండి. నయం చేయడం అన్ని వేళలా మన చేతిలో ఉండదు. బాధ తగ్గించడం, తోడుగా ఉండడం మాత్రం ఎప్పుడూ మన చేతిలో పనే.

ఆలోచించండి

1. ఉపశమన సంరక్షణ చివరి రోజులకే పరిమితం కాదంటాం. ఎందుకు?
2. ఇంటి వద్ద సేవ వల్ల రోగికి, కుటుంబానికి కలిగే మేలు ఏమిటి?