బౌల్ ఓటమి – కోచ్ భవితవ్యం

అమెరికన్ కాలేజి ఫుట్‌బాల్‌లో మామూలు సీజన్ ముగిశాక, ఎంపికైన జట్లు డిసెంబరు, జనవరి నెలల్లో బౌల్ ఆటలు ఆడతాయి. ఆ తరువాత ఆగస్టు చివరిదాకా ఆట ఉండదు. అందుకే బౌల్‌లో ఓడితే ఆ చేదు నెలల తరబడి అభిమానుల నోట మిగిలిపోతుంది. కోచ్‌ను ఉంచాలా, పంపాలా అన్న వాదం రగిలేది అప్పుడే. కాని ఆ వాదం నిజంగా ఆ ఒక్క ఆట గురించేనా?

ఒహాయో స్టేట్ కోచ్ జాన్ కూపర్ ఉదంతం చూద్దాం. 2001 జనవరి 1న ఔట్‌బ్యాక్ బౌల్‌లో ఆయన జట్టు సౌత్ కరోలినా చేతిలో 24-7 స్కోరుతో ఓడింది. మర్నాడే విశ్వవిద్యాలయం ఆయనను తొలగించింది. 13 సీజన్లలో ఆయన సాధించినవి 111 విజయాలు. ఓటములు 43, డ్రాలు 4. ఏ కోచ్ అయినా గర్వించదగ్గ లెక్క ఇది. అయితే చిరకాల ప్రత్యర్థి మిషిగన్‌తో ఆడిన 13 ఆటల్లో గెలిచినవి రెండే. బౌల్ ఆటలు 11 ఆడితే గెలిచినవి మూడే. ఆటగాళ్ల చదువు, క్రమశిక్షణల మీద కూడా విమర్శలు వచ్చాయి. అంటే తీర్పు అంతకుముందే సిద్ధమవుతూ వచ్చింది. బౌల్ ఓటమి దానికి ముహూర్తం మాత్రమే పెట్టింది.

తరువాత వచ్చిన జిమ్ ట్రెసెల్ తన రెండో సీజన్‌లోనే, 2002లో, జాతీయ ఛాంపియన్‌షిప్ సాధించాడు. తొలగింపు సరైనదనేవారికి ఇదే సాక్ష్యం. కాని ఆ జట్టులోని పలువురు కీలక ఆటగాళ్లను ఏరి తెచ్చినది కూపరే. 2008లో ఆయనకు కాలేజి ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ చోటు దక్కింది.

కోచ్ విలువను మొత్తం విజయాలతో కొలవాలా, గెలిచి తీరవలసిన ఆటలతో కొలవాలా? అభిమానుల తగవంతా ఈ కొలబద్ద దగ్గరే. స్కోరుబోర్డు దానిని తీర్చలేదు.