గులాబి రంగు పురుగు: రూపం, ఆహారపు మొక్కలు

పల్నాడు జిల్లా పిడుగురాళ్ల పరిసరాల్లో పత్తి కాయలను నష్టపరిచే గులాబి రంగు పురుగు తల్లి రెక్కల పురుగు చాలా చిన్నది. రెక్కలు చాచినా వెడల్పు సుమారు 15-20 మి.మీ. మాత్రమే. ముందు రెక్కలు నల్లని మచ్చలతో బూడిద గోధుమ రంగులో, వెనుక రెక్కలు అంచున కుచ్చు వెంట్రుకలతో వెండి ఛాయలో ఉంటాయి. తొలిదశలో తెల్లగా ఉండే లార్వా ఎదిగేకొద్దీ గులాబి రంగు సంతరించుకుంటుంది. ఇది ఆశించిన పూలు విచ్చుకోక గుడ్డి పూలవుతాయి. కాయల్లో గింజలను తినడం వలన దూది రంగు మారి నాణ్యత తగ్గుతుంది.

శనగపచ్చ పురుగు పత్తి, మిరప, కంది, శనగ పైర్లన్నింటిపైనా జీవిస్తుంది. గులాబి రంగు పురుగు ఆహారం ప్రధానంగా పత్తి కుటుంబానికే పరిమితం. బెండ, గోగు, తుత్తురుబెండ దీనికి ప్రత్యామ్నాయ ఆశ్రయాలు, మిరప కాదు. ఈ పరిమితియే దాని బలహీనత.

దేశంలో 2006లో అనుమతి పొందిన రెండు జన్యువుల బీటీ పత్తిని సైతం ఈ పురుగు తట్టుకుంటున్నందున, ఆ బలహీనతపైనే సస్యరక్షణ ఆధారపడాలి. డిసెంబరు తరువాత నీరు పెట్టి పత్తిని కొనసాగించడం పురుగుకు ఆహారం అందించడమే. లార్వాలు ఎండు కాయల్లో, గింజల్లో నిద్రావస్థలో గడుపుతాయి కనుక పంట సకాలంలో ముగించి, మోళ్లు తొలగించి, పత్తి కట్టెను గట్లపై నిల్వ ఉంచకుండా చూడాలి. ఈ పని ఒక్క రైతు చేస్తే చాలదు. ఊరంతా ఒకేసారి చేపట్టేలా విస్తరణ శాస్త్రవేత్తలు ప్రోత్సహించాలి.