చనుబాల ఆహారం: ఏవగింపునకు మూలమేది?

2011 ఫిబ్రవరిలో లండన్‌లోని కోవెంట్ గార్డెన్‌లో ‘ది ఐస్‌క్రీమిస్ట్స్’ అనే దుకాణం తల్లిపాలతో చేసిన ‘బేబీ గాగా’ ఐస్‌క్రీమును 14 పౌండ్లకు అమ్మింది. తొలి విడత త్వరగానే అమ్ముడుపోయింది. ఫిర్యాదులు రావడంతో వెస్ట్‌మినిస్టర్ నగరపాలక సంస్థ దానిని పరీక్షలకు తీసుకుపోయింది. సురక్షితమని తేలాక అమ్మకం తిరిగి మొదలైంది. పరీక్ష ఆరోగ్య సందేహాన్ని తీర్చగలదు, ఏవగింపును తీర్చలేదు.

పశువుల పాలను నిస్సంకోచంగా తాగే మనిషికి సాటి మనిషి పాలంటే వెగటు ఎందుకు? మాలిన్యం వస్తువు స్వభావంలో కాక, అది చోటు తప్పడంలో ఉందని మేరీ డగ్లస్ ‘ప్యూరిటీ అండ్ డేంజర్’ (1966)లో ప్రతిపాదించారు. శిశువుకు అమృతమైన పాలు వెల కట్టిన గిన్నెలో పెద్దల ముందుకు వచ్చినప్పుడు చోటు తప్పుతాయి.

హైదరాబాదు నిలోఫర్ ఆసుపత్రిలోని తల్లిపాల నిధి పేరు ‘ధాత్రి’. ధాత్రి అంటే పాలిచ్చి పెంచే దాది. అక్కడా ఒక తల్లి పాలు మరొక తల్లి బిడ్డకు చేరుతాయి. కాని అది దానం. తల్లిపాల అమ్మకానికి చట్టంలో అనుమతి లేదని భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2024లో స్పష్టం చేసింది.

కాబట్టి ఈ ఏవగింపును కేవలం రుచికో శుచికో ముడిపెట్టలేము. పాలు ఎవరి నుంచి ఎవరికి, ఏ సంబంధంతో చేరుతున్నాయన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.