స్క్రిప్టు కోసం ఆగిన పేజీ

వెబ్ పేజీ తెర మీదికి రావడంలో జరిగే జాప్యానికి దాని బరువే కారణమని సాధారణంగా భావిస్తారు గాని, బ్రౌజర్ దేని కోసం ఆగవలసి వస్తున్నదన్నదే అసలు ప్రశ్న. ఈ నిరీక్షణకు మూలం 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలి రూపమిచ్చిన జావాస్క్రిప్ట్ భాషలో ఉంది. ఈ భాషలో రాసిన స్క్రిప్టు, అనగా బ్రౌజర్ చేయవలసిన పనులను తెలిపే ఆదేశాల పాఠం, తాను ఉన్న చోటనే పేజీలోకి కొత్త పంక్తులను చొప్పించగలదు; కనుక అది సర్వర్ నుంచి వచ్చి, నడిచి, ముగిసేదాకా తరువాత ఏముంటుందో తేలక బ్రౌజర్ చదవడం ఆపివేస్తుంది. ఏ కొద్ది స్క్రిప్టులకో అవసరమైన ఈ వెసులుబాటుకు మూల్యం మాత్రం పేజీలన్నీ చెల్లించాయి.

అక్షరాల పరిమాణాన్ని, రంగును, అమరికను నిర్ణయించే స్టైల్ షీట్‌ది మరొక రకం నిర్బంధం. 1994లో సెర్న్ పరిశోధనశాలలో హోకోన్ వియుమ్ లీ ప్రతిపాదించిన ఈ పద్ధతిలో, షీట్ అందకముందే పేజీని చూపితే అలంకారం లేని పాఠం ముందు కనబడి, మరుక్షణం చెదిరి మళ్లీ అమరుతుంది గనుక, బ్రౌజర్ పాఠమంతా చేతికందినా తెరను ఖాళీగానే ఉంచుతుంది.

పాఠకుడు ఎదురుచూసే కాలంలో 80 నుంచి 90 శాతం పేజీ మూలపాఠం చేరిన తరువాతే గడుస్తున్నదని 2007లో యాహూ ఇంజనీరు స్టీవ్ సౌడర్స్ తన గ్రంథంలో చూపి, స్టైల్ షీట్లను పేజీ తలభాగంలోను, స్క్రిప్టులను అడుగున ఉంచాలని సూత్రీకరించాడు. ఒక్కో సర్వర్‌తో రెండుకు మించి అనుసంధానాలు పెట్టుకోరాదని బ్రౌజర్, సర్వర్‌ల మధ్య మార్పిడికి నియమాలు పెట్టే హెచ్‌టీటీపీ 1999 నాటి ప్రమాణం సూచించినందున, పలు స్క్రిప్టులను ఒకే ఫైలుగా కలిపివేయడం కూడా ఆయన సూత్రాలలో చేరింది.

విచిత్రమేమిటంటే, పేజీ చదవడం ముగిసేదాకా స్క్రిప్టును నడపనక్కరలేదని తెలిపే 'డిఫర్' అనే గుర్తు 1997 నుంచే, వెబ్ పేజీలను రాసే భాష అయిన హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలో ఉన్నా, అన్ని బ్రౌజర్లూ దానిని పాటించడానికి దశాబ్దానికి పైగా పట్టింది. తరువాత వచ్చిన 'అసింక్' గుర్తుతో స్క్రిప్టు చేరిన వెంటనే నడుస్తుంది గాని, ఏది ముందు నడుస్తుందన్న హామీ ఉండదు. కనుక ఒకదానిపై ఒకటి ఆధారపడిన స్క్రిప్టులకు డిఫరే తగినది.

2015లో వెలువడిన హెచ్‌టీటీపీ రెండవ ప్రమాణం ఒకే అనుసంధానం మీద అనేక ఫైళ్లను కలగలుపుగా పంపే వీలు కల్పించడంతో, ఫైళ్లను కలపడానికి ఉన్న ప్రధాన కారణం చాలావరకు సడలింది. పైగా కలిపిన ఫైలులో ఒక్క అక్షరం మారినా, పాఠకుడి బ్రౌజర్ దాచుకున్న ప్రతి మొత్తం పనికిరాకుండా పోయి, పెద్ద ఫైలును మళ్లీ ఆసాంతం తెచ్చుకోవలసి వస్తుంది.