కట్టె నుంచి పెట్రోలు

బొగ్గుల బట్టీని మీలో కొందరు చూసే ఉంటారు. కట్టెలు పేర్చి, పైన మట్టి కప్పి, గాలి సరిగా ఆడకుండా కాలుస్తారు. ఆవిరి, పొగ పోగా బొగ్గు మిగులుతుంది. ఇదే పనిని ఉక్కు పాత్రలో, ఉత్ప్రేరకం సాయంతో చేస్తే బొగ్గుకు బదులు పెట్రోలు వస్తుందా? వస్తుంది. మరి ఆ పనిమీద డబ్బు పెట్టవచ్చునా? అది వేరే ప్రశ్న.

అమెరికాలో కియోర్ అనే కంపెనీ 2007లో మొదలైంది. మన దేశంలో పుట్టిన వినోద్ ఖోస్లా అందులో ముఖ్య పెట్టుబడిదారు. కొలంబస్ పట్టణంలో ఫ్యాక్టరీ పెట్టడానికి మిసిసిపీ రాష్ట్ర ప్రభుత్వం 7 కోట్ల 50 లక్షల డాలర్లు వడ్డీ లేకుండా అప్పిచ్చింది. 2011 జూన్‌లో కంపెనీ తన వాటాలను ఒక్కొక్కటి 15 డాలర్లకు అమ్మి 15 కోట్ల డాలర్లు సేకరించింది. రోజుకు 500 టన్నుల ఎండు కలపతో ఏటా 1 కోటి 30 లక్షల గాలన్ల ఇంధనం తీయాలని పథకం. గాలన్ అంటే సుమారు 3.8 లీటర్లు.

ఇక పెన్సిలు తీసుకోండి. కలపలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే పదార్థం సెల్యులోజ్. దానిలో ప్రతి 6 కార్బన్ పరమాణువులకు 10 హైడ్రోజన్, 5 ఆక్సిజన్ పరమాణువులుంటాయి. పరమాణు భారాలు కూడితే 72, 10, 80, మొత్తం 162. అంటే సగం బరువు ఆక్సిజనే! పెట్రోలులో ఆక్సిజన్ ఉండదు కనుక దాన్ని తొలగించాలి. అదేమో ఒంటరిగా పోదు. అంతా నీరుగా పోతే ఉన్న హైడ్రోజన్ మొత్తాన్ని వెంటబెట్టుకుపోతుంది. మిగిలేది ఒట్టి బొగ్గు. బట్టీలో జరిగేది దాదాపు ఇదే. 4 పరమాణువులు కార్బన్ డయాక్సైడ్‌గా, 1 నీరుగా పోతే 4 కార్బన్, 8 హైడ్రోజన్ మిగులుతాయి. వాటి భారం 56. అంటే ఒక్క చుక్క వృథా కాకపోయినా 162 కిలోలకు 56 కిలోల నూనె, మూడో వంతు! బయటినుంచి హైడ్రోజన్ కలిపితే ఇంకా వస్తుంది గాని, హైడ్రోజన్ ఊరికే దొరకదు కదా.

ప్రయోగశాలలో గరిటెడు రంపపు పొట్టుతో నూనె తీయడం కష్టం కాదు. టన్నుకు ఎన్ని గాలన్లన్నదే అసలు ప్రశ్న. కొలంబస్‌లో యంత్రాలు తరచు ఆగిపోయాయి. 2013 మొత్తంమీద వచ్చిన ఇంధనం 10 లక్షల గాలన్లకు లోపే. 2014 నవంబరులో కంపెనీ దివాలా తీసింది. ప్రభుత్వం ఇచ్చిన అప్పులో అధిక భాగం తిరిగి రాలేదు. ఆ డబ్బు అక్కడి ప్రజలు కట్టిన పన్నులే సుమా!

కలపతో లాభమే లేదనుకునేరు. రాజమహేంద్రవరం కాగితం మిల్లులో సరుగుడు, సుబాబుల్ కలప నుంచి గుజ్జు తీయగా నల్లని ద్రావణం మిగులుతుంది. దానిలో లిగ్నిన్ ఉంటుంది. ఆ ద్రావణాన్ని చిక్కబరచి బాయిలర్లో మండిస్తారు. వచ్చిన ఆవిరి మిల్లుకే పనికి వస్తుంది, గుజ్జు తీయడానికి వాడిన రసాయనాలూ తిరిగి దక్కుతాయి. అక్కడ ఆక్సిజన్‌ను తొలగించే పనే లేదు, మండితే చాలు.