పడుగు దారి, పేక దారి

‘ఆసు మిషన్ వచ్చాక చీర ఎన్ని రోజులు ముందు చేతికొస్తుంది సార్?’ టెక్స్‌టైల్ విద్యార్థులకు ప్రాజెక్ట్ షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ చూపిస్తుంటే వెనక బెంచీ నుంచి వచ్చిన ప్రశ్న. ఆసు అంటే పేక దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ పోయడం. చేత్తో ఒక్కో చీరకు నాలుగైదు గంటలు పట్టే ఆ పని మిషన్ మీద గంటన్నరలో తెమిలిపోతుంది కదా, మిగిలినంతా లాభమేనని ఆ అబ్బాయి ధీమా. దీనికి జవాబు చెప్పే గణితం పుట్టింది కూడా బట్టలకు దూరంగా ఏమీ కాదు. నైలాన్‌ను లోకానికిచ్చిన డ్యూపాంట్ కంపెనీలోనే.

అంతకు ముందు గాంట్ చార్టుతో నెట్టుకొచ్చేవారు. పనికొక అడ్డగీత, పని ఎంత పొడవైతే గీత అంత పొడవు. చూడ్డానికి బాగుంటుంది గానీ, ఏ పని కోసం ఏ పని కాచుకుని కూర్చోవాలో చెప్పదు. 1957 ప్రాంతంలో డ్యూపాంట్ ఇంజనీరు మోర్గన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ గణితవేత్త జేమ్స్ కెల్లీ కలిసి పనుల్ని బాణాలతో ముడేసి, ఆ అల్లికను యూనివాక్ కంప్యూటర్‌కు అప్పగించారు. దాని పేరే క్రిటికల్ పాత్ పద్ధతి.

పోచంపల్లి పట్టుచీరల మీద వేసి చూస్తే ఇది ఎంత ముచ్చటైన ఉపాయమో తెలుస్తుంది. పడుగుకీ పేకకీ రెంటికీ చిటికి కట్టే, అంటే రంగు అంటకూడని చోట దారాలను ముడేసి అద్దే, రకం తీసుకుందాం. ఒక పడుగు మీద దిగే చీరలన్నిటికీ కలిపి లెక్క, అంకెలు నేను పెట్టినవి. పట్టు ఉడకబెట్టి జిగురు తీయడానికి 2 రోజులు. అక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. పడుగు వేయడం 4, చిటికి కట్టి రంగులద్దడం 9, మగ్గం మీది పాత దారాలకు అతకడం 2, వెరసి 15. అవతల పేకకు ఆసు పోయడం 4, చిటికీ అద్దకమూ 7, కండెలు చుట్టడం 2, వెరసి 13. రెండూ మగ్గం దగ్గర కలుస్తాయి. నేత 30 రోజులు. మొత్తం 47.

ముందుకు లెక్కించడం ఎవరికైనా వచ్చు. కిటుకంతా వెనక్కి లెక్కించడంలో ఉంది. 47వ రోజు చీరలు దిగాలంటే 17వ రోజు ముగిసేసరికి కండెలు సిద్ధమైతే చాలు. అవి మాత్రం 15వ రోజుకే అయిపోతున్నాయి. ఆ 2 రోజుల తేడాయే పేక దారికున్న వెసులుబాటు. పడుగు దారికి అదీ లేదు, అక్కడ ఒక పూట జారితే చీరలూ ఒక పూట జారతాయి. వెసులుబాటు సున్నా అయిన ఆ దారే క్రిటికల్ పాత్.

ఇప్పుడు ఆసు 4 రోజుల నుంచి 2 రోజులకు దిగిందనుకోండి. వెసులుబాటు 4 రోజులకు పెరుగుతుంది, చీరలు మాత్రం 47వ రోజునే దిగుతాయి! లాభం సున్నా. చింతకింది మల్లేశం ఆ ఆసు యంత్రాన్ని కట్టింది రోజులు మిగల్చడానికేం కాదు లెండి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించే తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక కట్టాడు. భుజం నొప్పికి సాఫ్ట్‌వేర్‌లో గడి లేదు.

కథ ఇక్కడితో ఆగితే బాగుండు. నేత ఇంట్లో చిటికి కట్టే మనిషి ఒక్కరే అయితే? ఈ పద్ధతి పనుల వరుసనే చూస్తుంది, చేతులెన్నో లెక్కపెట్టదు. పడుగు చిటికి 9 రోజులు, దాని వెనకే పేక చిటికి 7 రోజులు అయ్యేసరికి 47 కాస్తా 54 అవుతుంది. వెసులుబాటు తక్కువున్న పడుగుకే ముందు పీట వేయాలన్న మోటు సూత్రం పట్టుకుంటే, ఆసు మిషన్ ఉన్నా అదే 54. అలా కాక, పేక 4వ రోజుకే సిద్ధమవుతోంది కాబట్టి దాన్నే ముందు పట్టించి, పడుగును తర్వాత పెడితే 52. అదే మిషన్, వరుస మారిస్తే 2 రోజులు మిగిలాయి. ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడల్లా నాకు కొత్తగానే ఉంటుంది. మనుషుల్నీ పనుల్నీ ఇలా సర్దడం పెద్ద ఆర్డర్లలో ఎంత చిక్కు లెక్కంటే, సాఫ్ట్‌వేర్ దాదాపుగా సరిపోయే జవాబుతో సరిపెట్టుకుంటుంది.

డ్యూపాంట్ తన లూయీవిల్ ఫ్యాక్టరీ మరమ్మతు మూతను ఈ క్రిటికల్ పాత్ పద్ధతితో 125 గంటల నుంచి 78 గంటలకు తెచ్చింది. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం పెర్ట్ అనే పోటీ పద్ధతి తెచ్చి పేరంతా కొట్టేసింది. వాళ్లు ఒక పనికి మూడు అంచనాలు అడుగుతారు. పేక చిటికి ఎండ కాస్తే 5 రోజులు, మామూలుగా 7, ముసురు పడితే 15 అనుకుంటే, నడిమి అంకెను 4తో గుణించి మిగతా రెండూ కలిపి 6తో భాగిస్తారు, 8 వస్తుంది. ముసురు తెలిసిన అద్దకం వాళ్లకు ఇదే నచ్చుతుంది. నా ఓటు మాత్రం వాకర్, కెల్లీల జంటకే. యూనివాక్‌ను కట్టినవాళ్లలో ఒకడైన జాన్ మాక్లీ తర్వాత వాళ్లిద్దరినీ తన కంపెనీలో చేర్చుకుని ఈ పద్ధతిని అమ్మాడు. 1980ల్లో ప్రైమావెరా, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ వచ్చి అది బల్లమీది కంప్యూటర్లోకి దిగింది. రెండు పద్ధతులూ కలగలిసిపోయాయి.

నేతపనికి ఈ సాఫ్ట్‌వేర్‌ను వాడేవాళ్లు ముందు తెరవాల్సింది క్యాలెండర్ పేజీని. శని, ఆదివారాలు సెలవులని దానికి ముందే తెలుసు. వానాకాలం గుంట మగ్గంలో నీరు ఊరి నేత ఆగిపోయే రోజుల్ని మాత్రం మనమే ఎక్కించాలి.