ఇంజను లేని విమానం

పిల్లలూ! గుట్ట మీద గద్ద రెక్కలాడించకుండా ఆకాశంలో నిలిచి ఉండటం మీరు చూసే ఉంటారు. అది కింద పడదేం?

మా మనుమడు నన్నీ ప్రశ్న అడిగినప్పుడు వాడి చేతినిండా జిగురే. కిట్టు తెప్పించుకుని గ్లైడరు అతికిస్తున్నాడు. మాది శంషాబాదు. 2008లో విమానాశ్రయం తెరిచారు గనుక, విమానాల పిచ్చి మా ఊరి పిల్లలకు ఉండటంలో వింత లేదు.

వాడి గ్లైడరుకు ఇంజను లేదు. చేతిలోని రేడియో పెట్టె పుల్లలు కదిపితే తోక రేకులు కదిలి దాన్ని తిప్పుతాయి, అంతే. కదలని గాలిలో అది కిందికే జారుతుంది, సెకండుకు అర మీటరు అనుకోండి. కాని గాలి వచ్చి గుట్టకు కొట్టుకుంటే పైకి మళ్ళుతుంది. ఆ గాలి సెకండుకు మీటరు చొప్పున లేస్తూంటే, గ్లైడరు జారుతూనే పైకి పోతుంది! పైకి పోయే ఎస్కలేటరు మీద మీరు మెల్లగా కిందికి దిగి చూడండి, తెలుస్తుంది. గద్ద చేసేదీ ఇదే. 1911 అక్టోబరు 24న అమెరికాలో ఆర్విల్ రైట్ ఇసుకదిబ్బ గాలి మీద, ఇంజను లేని గ్లైడరులో 9 నిమిషాల 45 సెకండ్లు నిలిచాడు.

"తాతా, నేను పది నిమిషాలు నిలుపుతా! పద, మన గుట్ట ఎక్కుదాం," అన్నాడు వాడు.

"ఇక్కడ వీల్లేదురా," అన్నాను. వాడు మూతి ముడుచుకున్నాడు. దిగే విమానం ఎంత కిందికి వస్తుందో వాడికీ తెలుసు. అందులో వందలమంది ఉంటారు. 2021 నాటి డ్రోను నియమాల ప్రకారం విమానాశ్రయం హద్దు నుంచి 5 కిలోమీటర్లు ఎర్ర మండలం. 12 కిలోమీటర్ల దాకా పసుపుపచ్చ ఆంక్షలు. ప్రభుత్వం వారి పటంలో ఆకుపచ్చ రంగున్న చోటు వెతుక్కుని, ఆషాఢంలో పడమటిగాలి వీచే రోజున, వికారాబాదు వైపు ఒక బోడిగుట్ట ఎక్కాం.

మొదటిసారి విసరగానే గ్లైడరు ముక్కెత్తి, ఆగి, దబ్బున పడింది. గరిమనాభి వెనక్కి ఉన్నదన్నమాట! (ముప్ఫై ఏళ్ళు ఆ పాఠం చెప్పినవాణ్ణి, చూసుకోవద్దూ!) ముక్కులో రెండు రూపాయి బిళ్ళలు పెట్టి, మళ్ళీ గాలికి ఎదురుగా విసిరాం. ఈసారి నిలిచింది! గుట్ట అంచు వెంట అటూ ఇటూ తిరిగింది. ప్రతి మలుపూ గుట్టకు దూరంగానే తిప్పాలి; గుట్ట వెనక గాలి సుడి తిరుగుతుంది.

నాలుగో నిమిషంలో గ్లైడరు మా వైపు వచ్చింది. ఎదురుగా వచ్చేదానికి కుడి మనకు ఎడమ కదా! వాడు తడబడ్డాడు. తుమ్మచెట్టు, రెక్కలో చీలిక.

వాడు ఏడవలేదు. గడియారం చూసి, "నాలుగు నిమిషాల పది సెకండ్లు," అని రాసుకున్నాడు. పైన గద్ద ఇంకా నిలిచే ఉంది.